పటాలం వారి గుమ్మంలో పుంజు

కుమారస్వామీ, నమస్కారం. దేవసేనలన్నింటికీ అధిపతివై ఉండి కూడా, గణాధిపత్యం కోసం నెమలినెక్కి ముల్లోకాలలోని నదులన్నింటా స్వయంగా మునిగివచ్చిన నిజాయితీపరుడవు నీవు. నీ అన్నగారో, కైలాసం గడప దాటకుండా తల్లిదండ్రుల చుట్టూ మూడు మార్లు తిరిగి, నీవు వెళ్లిన ప్రతి రేవులోను నీకంటె ముందే స్నానం ముగించుకొని ఎదురు వచ్చాడు. స్వయంగా వెళ్లినవాడు ఓడిపోవడం, ఉన్నచోటి నుండి పని నడిపినవాడు గెలవడం ఆనాడే మొదలైంది. అన్నగారికి తొలిపూజ అందరూ చేస్తారు. పైగా నేడు ఆయన సైన్యంలో చేరడానికి దరఖాస్తు పెట్టుకుంటే, ముఖం ఆధారు కార్డుతో సరిపోలలేదని తిప్పికొడతారు. కనుక ఈ కథకు నిన్నే తలచుకుంటున్నాము. తడిసిన నెమలిని ఆరబెట్టుకుంటూ కాసేపు ఆలకించు.

అరకులోయకు ఎగువన, పనసగుడ అనే కొండదొరల ఊళ్లో గాసి అనే పెద్దమనిషి ఉన్నాడు. ఊళ్లో ఎవరికి సంబంధం కుదర్చవలసివచ్చినా, కోడిపుంజును చంకన పెట్టుకొని ముందు నడిచేవాడు ఆయనే. ఆ ఊరికొక మర్యాద ఉంది. పిల్లనడగడానికి పెద్దలు స్వయంగా వెళ్లాలి. కబురు పంపడం తిట్టడంతో సమానం. అవతలి ఇంటివారు వెంటనే ఒప్పుకోరాదు. "మా పిల్ల మీకు తగదు, పొండి" అని కాదనాలి. మళ్లీ అడిగితే మళ్లీ కాదనాలి. మూడోమారు కూడా కాదన్న తరువాతనే, తెచ్చిన పుంజును చేతులారా అందుకోవాలి. పుంజు చేతులు మారిన క్షణం నుండి ఆ రెండిళ్ల నడుమ దాపరికమన్నది ఉండదు. అడిగీ అడగగానే సరేనన్న ఇంటిని గాసి జన్మలో నమ్మలేదు. అటువంటి చోట పిల్లలో లోపమైనా ఉండాలి, ఇంట్లో పుంజు కూరకు కరువైనా ఉండాలి అని ఆయన సిద్ధాంతం.

ఈ గాసికి భాను అనే మనుమరాలుంది. ఆడపిల్లలను సైనిక పోలీసులోకి తీసుకుంటున్నారని కాలేజీలో విన్ననాటి నుండి ఆ గుంట కొండదారిలో నడవడం మానేసింది. ఎక్కినా పరుగే, దిగినా పరుగే. ఆమె పరుగు చూసి వెనుక ఎలుగుబంటి వస్తున్నదేమోనని ఊరి ఆడవాళ్లు రెండుమూడు మార్లు చెట్లెక్కారు. వయసు నిబంధనను బట్టి ఆమెకు ఇదే ఆఖరి ఏడు. దరఖాస్తు ఆన్‌లైన్లోనే పెట్టుకోవాలి. గడువు శుక్రవారం, అరకు సంత రోజుతో సరి.

గురువారం నాడు అరకులో మణిదీప్ అనే కుర్రవాడి నెట్ సెంటర్లో కూర్చుని ఆమె అన్నీ నింపితే, ఫొటో వెనుక గోడ రంగు బాగాలేదని కంప్యూటరు తిప్పికొట్టింది. సాయంత్రం ఇల్లు చేరి ఆ మాట చెప్పగానే గాసి ముఖం విప్పారింది.

"కాదన్నారా? అయితే మంచి కొంపే."

"కాదనడం కాదు తాతా. ఫొటో మార్సి రేపు మల్లీ పెట్టాల."

"మల్లీ అడగమన్నారన్నమాట. మర్యాద తెలిసినోల్లు. అయితే ఏటే గుంటా, అంత పెద్ద పటాలాన్ని నోరు నేని పెట్టెతో అడిగిత్తావా? మనుసులు నేమా మనింట్లో?"

"ఇది సంబంధం కాదు తాతా, ఉజ్జోగం!"

"బట్టలిత్తారు, తిండెడతారు, జీతమిత్తారు, ఇంటిపేరు కూడా మార్సరన్నావు. అంతకన్నా మంచి సంబంధం నీకెవుడు తెత్తాడు?"

భానుకు నవ్వాగలేదు. "మరయితే నేను పెళ్లికూతుర్నా, పెళ్లికొడుకునా? అడగడానికెల్లేది మనమే కదా."

గాసి తల గోక్కున్నాడు. ఊరి ధర్మంలో ఇంతవరకు ఎవరూ తెగ్గొట్టని చిక్కు అది. చివరకు తీర్పు చెప్పాడు. "అడిగినోడే పెళ్లికొడుకు. పటాలమే పిల్ల."

"లచ్చల మంది మొగోల్లున్న పిల్లా!"

"పెద్ద కుటుంబం మరి" అని గాసి దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు.

తెల్లవారేసరికి ఇంట్లో గాసీ లేడు, ఎర్రపుంజూ లేదు. వీళ్లిద్దరూ పట్నం బస్సులో ఘాట్ రోడ్డు దిగుతున్నారు. గాసి చొక్కా జేబులో బొత్తాల ఫోను కూడా ఉంది. ఇంటిల్లిపాదికీ ఆధారు కార్డులు తీసిన రోజులలో ఆ ఇంట ఉన్నది ఆ ఒక్క ఫోనే. అందుచేత భాను కార్డుకు కూడా ఆ నంబరే తగిలించారు. ఆ సంగతి భానుకు ఆ ఉదయం గుర్తురాలేదు. గాసికి ఏనాడూ తెలియదు.

పట్నంలో సైన్యపు భర్తీ కార్యాలయం గేటు ముందు తుపాకీతో ఒక జవాను నిలుచున్నాడు. ఉత్తరాది మనిషి. గాసి వెళ్లి, చేతులు జోడించి, తన వంశం, భాను పరుగు, పుంజు జాతి అన్నీ సవిస్తరంగా వినిపించాడు.

"ఆన్‌లైన్, బాబా, ఆన్‌లైన్" అన్నాడు జవాను.

ఆ మాటకు అర్థమేమైనా, తల అడ్డంగా ఊగింది కనుక మొదటి కాదనడం శాస్త్రోక్తంగా జరిగిందని గాసి తృప్తిపడ్డాడు. ఎదురుగా వరమ్మ కొట్లో టీ తాగి, పుంజుకు నీళ్లు పట్టి, తిరిగి వచ్చి మొదటి నుండి చెప్పాడు. ఈసారి జవాను గొంతు పెంచాడు. "ఆన్‌లైన్!" రెండోసారి గదిమి కాదనడం మరీ గొప్పింటి లక్షణం. గాసి పొంగిపోయాడు.

అంతలో జేబులో ఫోను కిచకిచలాడి ఒక సందేశం దిగింది. వెంటనే మోగింది కూడా. ఎవరిదో తెలియని నంబరు.

"తాతా! భానుని! మణిదీప్ ఫోన్నుంచి. నీకు ఓటీపీ వొచ్చింది, అందులో నెంబరు సెప్పు, బేగి!"

ఓటీపీ అన్న మాట చెవిన పడగానే గాసి వెన్ను నిటారయింది. కారణముంది. నిరుడు కొండకింది ఊళ్లో ఎవరో ఫోను మోసంలో పడ్డాక, భానే తాతను జాకర దేవత రాయి ముందు నిలబెట్టి ఒట్టు వేయించింది. వచ్చిన నంబరు పరాయివాడెవడికీ చెప్పకూడదు. బ్యాంకువాడడిగినా, పోలీసడిగినా అంతే. "ఆఖరికి నేనడిగినా సెప్పకు తాతా, దొంగలు నా గొంతు కూడా తెచ్చుకుంటారు" అన్నది కూడా ఆమే.

"ఎవుర్నువ్వు?" అన్నాడు గాసి.

"భానుని!"

"గొంతు బాగానే దించినావురా దొంగెదవా."

"ఓలమ్మో! తాతా, నిన్న మన నల్లమేక బుధు మామ పెండలం తినీసింది కదా. దొంగకి తెలుస్తాదా అది?"

"తెల్దా మరి? బుధుగాడు మైకెట్టినట్టు అరిసినాడు. దేశమంతా యినుంటాది."

 ఈసారి వచ్చిన గొంతులో వణుకు ఉంది. "తాతా, ఆ నెంబరు పది నిమిసాలే ఉంటాది. మల్లీ రప్పించడానికి ఈ సర్వరు పొద్దున్నుంచి సచ్చి బతుకుతంది. ఈ రోజు దాటితే నన్నింకెప్పుడూ తీసుకోరు. ఇంకెప్పుడూ."

ఆ వణుకు భానుదే. దొంగ గొంతును తేగలడు గాని, ఆ వణుకును తేలేడు. గాసి చెప్పేద్దామనుకున్నాడు. కాని పక్కన జాకర దేవత నిలుచున్నట్టే ఉంది. ధర్మసంకటంలో పడిన మహారాజులను పురాణాలలో చాలామందిని చూశాము. వారెవరి చంకలోను పుంజు లేదు, చెవి దగ్గర ఫోనూ లేదు. సలహా చెప్పడానికి పక్కన ఋషులుండేవారు. గాసికున్నది జవాను ఒక్కడే, వాడికి వచ్చిన తెలుగు ఆన్‌లైన్ ఒక్కటే.

"నువ్వు భానువే అయితే, నీతో ఏసిన ఒట్టే నిలబెడతన్నాను. కాకపోతే నీ తాడు తెగ!" అని గాసి ఏడుస్తూ అరిచాడు. పుంజు కూడా అరిచింది.

ఆ గోలకు లోపలి నుండి హవల్దారు రవిబాబు బయటికి వచ్చాడు. పార్వతీపురం వాడు. చేతిలో మధ్యాహ్నపు క్యారేజీ ఉంది.

"ఏటి తాతా గొడవ?"

తెలుగు వినగానే గాసి కళ్లు తుడుచుకున్నాడు. "మా గుంటకి నీ పటాలాన్ని అడగడానికొచ్చినాను బాబూ."

"ఇక్కడ తీసుకోము తాతా. ఆన్‌లైన్లోనే పెట్టాల."

మూడోమారు! ఇంటి పెద్ద నోటితో, సొంత భాషలో! గాసి రెండు చేతులతో పుంజును ముందుకు చాచాడు. "మరింక అందుకో."

హవల్దారు రెండడుగులు వెనక్కి వేశాడు. "కోడేటి? లంచమేటి? దీన్ని పట్టుకుంటే నా కొలువు పోద్ది!"

గాసి చేతిలోని ఫోను ఊరుకోలేదు. "ఎవురండీ అక్కడ? సార్! ఆ కోడి పుచ్చుకోండి సార్! మా ఓటీపీ తాత దగ్గరుండిపోయింది. ఒట్టేసినాడు, మీరు పుంజు పట్టుకుంటే గాని మాటాడడు సార్!"

రవిబాబు అమ్మమ్మగారిది కురుపాం కొండల ఊరు. పుంజు సంగతి ఆయనకు అర్థమైంది. అర్థం కానిది ఓటీపీ సంగతి. "పుంజు నేను పట్టుకుంటే నెంబరు చెప్తావా తాతా? ఒట్టు మాటేటి?"

"పరాయోడికి సెప్పనని ఒట్టు. ఈ నెంబరు పంపింది నీ పటాలమే కదా. పుంజు అందుకున్నోడు ఆ ఇంటోడు. నీ సొత్తు నీకు సూపిత్తే తప్పేటి? ఫోన్లో గొంతు ఎవుడిదో నాకేటి తెలుసు. నువ్వయితే కంటికాడున్నావు, పటాలం బట్ట కట్టుకున్నావు, గేటుంది, తుపాకుంది."

రవిబాబు ఆలోచించాడు. కంప్యూటరు మనిషిని గుర్తుపట్టడానికి అంకెలు పంపుతుంది. ఈ ముసలాయన పుంజును పంపుతున్నాడు. నిజం చెప్పాలంటే పుంజే ఎక్కువ భద్రం. దాన్ని ఎవడూ దొంగిలించి నిశ్శబ్దంగా దాచలేడు.

ఆయన తన క్యారేజీని గాసి చేతిలో కుక్కి, పుంజును లాక్కున్నాడు. "ఇచ్చి పుచ్చుకున్నాం. లంచం కాదు, వియ్యపు మర్యాద. జవానూ, నువ్వే సాక్షి!"

"ఆన్‌లైన్" అన్నాడు జవాను, విషయం తెలియకపోయినా నిండు మనసుతో.

గాసి ఫోనును ఆయన కళ్లముందు పెట్టాడు. రవిబాబు పుంజును చంకలో అదిమి అంకెలు చదివాడు. సరిగ్గా ఆఖరి అంకె దగ్గర పుంజు కూసింది. ఆయన దాని ముక్కు మూసి మళ్లీ చదివాడు. అటువైపు నుండి భాను గొంతు సన్నగా వినిపించింది.

"తిరుగుతంది తాతా. సక్రం తిరుగుతంది."

కైలాసంలో తల్లిదండ్రుల చుట్టూ తిరిగిన ప్రదక్షిణం కూడా అంతసేపు పట్టి ఉండదు. గాసి ఊపిరి బిగబట్టాడు. హవల్దారు బిగబట్టాడు. పుంజుకు ఎలాగూ ముక్కు మూసే ఉంది.

"అయింది! తాతా, అయిపోయింది! తీసుకున్నారు!"

గాసి గేటు ముందే కూలబడి, కండువాలో ముఖం దాచుకున్నాడు. రవిబాబు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"తాతా, ఇది దరఖాస్తు మట్టుకే. ఇంకా పరీక్షుంది, పరుగుంది, డాక్టరు పరీక్షుంది. ఎక్కడయినా కాదంటారు. ముందే సెప్తన్నాను."

గాసి తలెత్తాడు. క్యారేజీ మూత తీసి ఒక ముద్ద పులిహోర నోట్లో వేసుకున్నాడు. ఆయన ముఖం మీద మెల్లగా వెలుగు పరచుకుంది.

"ఇంకా మూడుసార్లు కాదంటారా! ఎంత పెద్ద కొంపో! మా గుంట అదురుష్టం. అయితే పుంజుతో సరిపోదు. ఈసారి మేకని తోలుకొత్తాను."

"మేక వద్దు తాతా!" అన్నాడు హవల్దారు గాభరాగా.

గాసి తృప్తిగా ఒక వేలు మడిచాడు. "ఒకసారి కాదన్నావు."

ఈ కథ చెప్పినవారికి, విన్నవారికి, వింటూ కునికిన వారికి కూడా దేవసేనాని రక్ష కలుగుగాక. వారి పిల్లల పరుగులు గమ్యం చేరుగాక. వారి చక్రాలు తిరిగి తిరిగి నిలుచుగాక. ఆఖరున యమభటులు వచ్చి గుమ్మంలో నిలిచిననాడు, ముఖం సరిపోలలేదని చాలా మార్లు వెనుదిరిగి పోవుదురుగాక.