చప్పుడు వెనక వచ్చే విమానం

మల్సూర్ తాటిగెల కొసను ఉల్లిపొరంత పలచగా చెక్కి, కారే కల్లు చుక్క కింద మట్టి లొట్టి కట్టి, పక్క గెలకు జరిగాడు. నడుముకు మోకు, పాదాలకు గుజి. ముప్పై ఐదేళ్లుగా ఈ రెండు తాళ్ల మీదే బతుకు. మోకు ఒరిసి ఒరిసి నడుము చుట్టూ నల్లటి వాత పడింది. ఛాతీ మీది చర్మం తాటిబెరడుకు రాసుకుని తానూ బెరడైపోయింది. తండ్రి ఈ చెట్టు మీద నుంచే పడి చనిపోయాడు. దినాలు కాగానే కొడుకు అదే మోకు కట్టుకుని ఎక్కాడు. రోజూ మొదటి లొట్టి దొర గడీకి ఊరికే పోయేది. ఒకనాడు ఆలస్యమైందని దొర మనుషులు అతని మోకుతో అతన్నే చెట్టుకు కట్టి, పొద్దుగూకేదాకా ఎండలో ఉంచారు.

ఊళ్లో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. "కల్లు దిగిందా?" అంటారు, అంతే. జెండా పట్టలేదు, దొరలను ఎదిరించిన సంఘం మీటింగుల్లో నోరు తెరవలేదు. చరిత్ర రాసేవాళ్ల కంట్లో ఇలాంటివాడు పడడు. పడకపోతే ఆ చరిత్రను పొయ్యిలో పెట్టుకోవాలి.

నేరేడుచర్లకు కోసెడు దూరంలో, మూసీ ఒడ్డున ఉంది ఆ తాటివనం. అందులో అన్నిటికంటే పొడుగైనది మల్సూర్ చెట్టు. తేటగా ఉన్న పొద్దున మిర్యాలగూడ మిల్లు పొగ, కోదాడ వైపు పోయే బండ్ల దుమ్ము కనిపిస్తాయి. నిరుడు దసరా ముందు సైన్యం వచ్చి నిజామును దించింది. నవాబు దిగాడు గానీ దొర దిగలేదు. సూర్యాపేటకు పారిపోయినవాడు సైన్యం లారీల వెనకే గడీకి తిరిగొచ్చి, సంఘం పంచిన భూములు మళ్లీ లాక్కున్నాడు. పంచినవాళ్లు వాగుల్లో, పొదల్లో దాక్కున్నారు. వాళ్ల కోసం ఆకాశంలో విమానాలు తిరిగాయి.

పాత విమానాల సంగతి మల్సూర్ చెవికి బాగా తెలుసు. వెదురులో తుమ్మెద దూరినట్టు ముందు మోత వచ్చేది. అది కంటపడేలోపు రెండు లొట్లు కట్టుకోవచ్చు. దాక్కున్నవాళ్ల కోసం మల్సూర్ కత్తి వెనకతో ఖాళీ లొట్టి మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. అంటే దాక్కోండని. ఆకాశం తేటపడ్డాక ఒక్క దెబ్బ. అంటే కదలొచ్చని. ఐదు నెలల్లో ఒక్కసారీ తప్పలేదు.

పది రోజుల కింద కొత్తది వచ్చింది.

ఆ పూట మొండి తాటిచెట్టు తొర్రలో గోలచేసే చిలుకలు ఒక్కసారిగా నోరు మూశాయి. మల్సూర్ ఎందుకో కిందికి చూశాడు. మూసీ ఇసుక మీద ఒక నీడ పరుగెత్తింది. చప్పుడు లేదు. నీడ దాటిపోయాక మోత వచ్చింది, ఆకాశాన్ని ఎవరో అడ్డంగా చింపినట్టు. చెట్టు కుదుళ్ల దాకా అదిరింది. అది పోయాక చాలాసేపు లొట్టిలో కల్లు వణుకుతూనే ఉంది.

ఈ పొద్దున, దాక్కున్న దళంలోని మనిషి కొండల్ చెట్టు కిందికి వచ్చాడు. ఇరవై రెండేళ్లవాడు.

"మల్సూర్ మామా! దాన్ని మల్ల సూసినవా? ఎట్లుంటది?"

మల్సూర్ దిగి, కత్తి ఒరలో పెట్టాడు. "ముందల పంకా లేదు. ఎన్కకు రెండు తోకలు."

"పంకా లేంది ఎట్ల ఎగురుతది? పొద్దుగాల్నే తాగినవా ఏంది?"

"నేను తాగితే నువ్వు ఇయ్యాల గీడ ఉండకపోదువు, అల్లుడా. జర ఇను. మూడు మాట్ల సూసిన. మంచి నమ్మకమున్న బండి. ఎండకు ఆగలే, గాలికి ఆగలే. చప్పుడు దాని ఎన్క వస్తది. చెవులను నమ్ముకుంటే సస్తం."

"దానికి ఐబే లేదా, ఏ వంకా లేదా?"

"ఒక్కటుంది. తాగినోని లెక్క, జల్ది మర్లదు. దాటిపోయి మల్ల తిరిగొచ్చెటాలకు నేను గీ చెట్టు దిగి మల్లెక్కుత. కాని ఒక్కోపాలి జంటగ వస్తయి. మొదటిది పోయిందని ఉరికితివా, రెండోది నీ నెత్తిమీదుంటది."

కొండల్ ఒడ్డు వైపు చూశాడు. అక్కడ జమ్ముగడ్డిలో తమ దళంలోని సుక్కి పడుకుని ఉంది. పంతొమ్మిదేళ్ల లంబాడీ పిల్ల. తొడలో తూటా, నాలుగు రోజుల జ్వరం. మూసీ అవతలి తండాలో తూటా తీసేవాడున్నాడు. ఇవాళ దాటకపోతే బతకదు. రాత్రయితే రేవు మీద సైన్యం కాపలా. పగటి కాపలావాళ్లు మధ్యాహ్నం తిండికి క్యాంపుకు పోతారు. ఆ గంటలోనే ఆమెను మంచం మీద మోసుకుని ఇసుక దాటాలి. ఇసుక మీద దాక్కోవడానికి గడ్డిపోచ లేదు.

"అది వచ్చి పోయినంకనే కదలుండ్రి," అన్నాడు మల్సూర్. "నేను మట్టలెక్కి నిలబడి సూస్త. నా ఒక్క దెబ్బ ఇనేదాక కాలు బయట పెట్టకుండ్రి."

"అసలు రాకుంటె?"

"వస్తది. నమ్మకమున్న బండి అని చెప్తి గద."

కొండల్ జమ్ములోకి పోయాడు. ఆ మాటలు వింటూనే వచ్చిన మల్సూర్ భార్య గోపమ్మ అంబలి ముంత అందించింది.

"మట్టలెక్కి నిలబడుతవట? యాభై ఏండ్లొచ్చినయి, గీ కోతి ఏషాలేంది?"

"కోతికి మోకుంటదానే? నాకున్నది."

"ఉన్నదాన్ని ఇప్పుతవ్ గద!"

మోకు కట్టుకుని మట్టల కింద ఉంటే సగం ఆకాశమే కనిపిస్తుంది. జంటలో రెండోది ఏ వైపు నుంచి వస్తుందో చూడాలంటే మట్టల మీద నిలబడాలి. మల్సూర్ అంబలి నిలబడే తాగాడు. ముంత తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె చేతిని కొంచెం ఎక్కువసేపు పట్టుకున్నాడు. ఆ ఇంట్లో అలాంటి అలవాటు లేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. మల్సూర్ మోకు విప్పి మట్టకు తగిలించి, మొవ్వ పట్టుకుని పైన నిలబడ్డాడు. ఇసుక తెల్లగా మండుతోంది. గాలి లేదు. ఇంత ఎత్తున నడుముకు తాడు లేకుండా ఉండడం అతనికి ఇదే మొదలు. ఒళ్లు సగం బరువు తగ్గినట్టుంది.

చిలుకలు నోరు మూశాయి.

పడమట బూడిదరంగు చుక్క. మూడు దెబ్బలు కొట్టాడు. జమ్ము కదలడం ఆగింది. చుక్క విమానమై, చప్పుడు లేకుండా, అతని కళ్ల ఎత్తునే వచ్చింది. అద్దం వెనక మనిషి తల కనిపించింది. ఆ తలా ఇతన్ని చూసినట్టే ఉంది. విమానం దాటిపోయింది. దాని వెనక మోత వచ్చింది. కాళ్ల కింద మట్ట ఫెళ్లుమంది.

జమ్ములో మంచం పట్టుకున్న దళం మనుషులిద్దరూ లేవబోయారు. కొండల్ చేయి అడ్డం పెట్టాడు. ఒక్క దెబ్బ ఇంకా పడలేదు. అప్పుడు రెండోది దక్షిణం నుంచి, ఇసుకను దువ్వుతున్నంత కిందుగా, లేచి ఉంటే వాళ్లు ఉండే చోటు మీదుగానే దూసుకుపోయింది. మోత తగ్గింది. లొట్టి మీద ఒక్క దెబ్బ, తేటగా వినపడింది.

లేచి ఉరికారు. దాటారు.

పొద్దు వాలే వేళకు, సుక్కి కళ్లు తెరిచిందని చెప్పడానికి కొండల్ వనంలోకి వచ్చాడు. చెట్టు కింద గోపమ్మ కాళ్లు చాపి కూర్చుంది. మల్సూర్ తల ఆమె ఒళ్లో ఉంది. కత్తి పక్కన నేలలో దిగి ఉంది.

"మొదటిది పోయినప్పుడే పడ్డడు," అందామె. "రెండోది పోయేటాలకు నా ఒళ్లనే ఉన్నడు. పానం లేదు."

కొండల్ చెట్టు పైకి చూశాడు. "మరి రెండోది పోయినంక దెబ్బ ఇన్నం గద, అత్తా?"

"నేను గూడ ఇన్న."



మర్నాడు మల్సూర్ అన్న కొడుకు బుచ్చయ్య ఎక్కి, మోకునూ ఆ ఖాళీ లొట్టినీ దించాడు. మోకు మనిషితో పాటే మట్టిలోకి పోయింది. లొట్టిని గోపమ్మ చూరుకు కట్టింది. అందులో కల్లు పోయదు, నీళ్లు పోయదు. ఎప్పుడైనా గాలి లేని మధ్యాహ్నం ఆ లొట్టి సన్నగా గుయ్యిమంటుంది. వాడంతా పని ఆపి గోడల నీడకు జరుగుతుంది. ఆ తర్వాతే విమానం వస్తుంది.