మరక పడని నూనె

భూమేశ్ ముందు చక్రం ఊడదీసి గోడకు ఆనించాడు. ఇంజను కింద చెక్క దిమ్మె పెట్టి ఉండటంతో పాత బుల్లెట్టు ముక్కు గాలిలోకి లేచి ఉంది. ఇక గుంత దెబ్బను ఆపే నూనె ఉండే ఫోర్కు గొట్టాలు రెండూ కిందికి లాగాలి. ఎడమది మర్యాదగా వచ్చింది. కుడిది మొండికేసింది. దాన్ని చెక్కసుత్తితో నాలుగు తగిలించి, తిట్టి, మళ్లీ తగిలించాడు. బండ్లను తిట్టినంత సులువుగా అతను మనుషులను తిట్టలేడు. ఆ సంగతి తెలిసిన కోరుట్ల గిరాకీలు వెనక వచ్చి ముందు పని చేయించుకుపోతారు.

బండి పెగడపల్లి ఏసుబాబుది. మనిషికంటే బండికే వయసెక్కువ. సోమవారం దించిపోతూ బతిమాలినట్టు చెప్పాడు.

"అన్నా, పుష్పకు నడుము నొస్తుందే. గుంత కనవడితే సాలు, నా భుజం పట్టుకొని ఏడుస్తది. ఆదివారం ప్రార్థనకు బండి మీద కూసోవెట్టుకొని పోవాలె. ఎట్లన్న జేసి మంచిగ జెయ్యి."

వెనక సీటు మీద తాళ్లతో ఒక దిండు కట్టి ఉంది. భూమేశ్ దాన్ని విప్పి మేకుకు తగిలించాడు.

"ఇగ గీ మెత్తతోని పనిలేదు తియ్యి," అన్నాడు. అంత పెద్ద మాట అతను మామూలుగా అనడు. గొట్టాల నూనె కారకుండా ఆపే కొత్త సీళ్లు వచ్చేసరికి శుక్రవారమైంది. ఈరోజు శనివారం.

కుడి గొట్టాన్ని డబ్బాలోకి వంచాడు. చిక్కగా దిగవలసిన నూనె నీళ్లలా బుడబుడా కారింది. వేలు ముంచి వాసన చూశాడు. సాంచల నూనె. సిరిసిల్లలో పుట్టినవాడికి అది ఒకరు చెప్పనక్కరలేదు. తండ్రి సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపి ఇంటికి వస్తుంటే మనిషికంటే ముందు ఆ వాసనే గడప దాటేది. ఆ సాంచల చప్పుడు పడకనే భూమేశ్ పదో తరగతి తప్పగానే కోరుట్లకు వచ్చి పానా పట్టాడు. ఇక్కడి చప్పుడూ తక్కువేమీ కాదని తెలిసేసరికి పెళ్లి కూడా అయిపోయింది.

ఏసుబాబు కూడా కొన్నేళ్లు సిరిసిల్లలో సాంచలు నడిపినవాడే. ఊరికే దొరికిందని పోసి ఉంటాడు. ఆ పలుచటి నూనె గుంత దెబ్బను ఆపుకోదు. ప్రతి దెబ్బా తిన్నగా వెనక కూర్చున్న మనిషి నడుముకే. భూమేశ్‌కు నిజంగానే కోపం వచ్చింది. పిసినారితనానికి పెళ్లాం నడుమే దొరికిందా అని మనసులో ఒకసారి అనిచూసుకున్నాడు. బాగానే ఉందనిపించింది. ఏసుబాబు రాగానే చూపించాలని డబ్బాను బల్ల మీద ఎదురుగా పెట్టాడు.

గొట్టాల మీది తుప్పు మచ్చలను సన్నటి ఎమిరీ కాగితంతో నునుపు చేశాడు. కొత్త సీళ్లు దించాడు. స్ప్రింగులు కడిగి ఆరబెట్టాడు.

"మంజులా, జర దారం."

వెనక గదిలో బీడీలు చుడుతున్న భార్య, ఒళ్లోని చాట దించకుండానే దారం ఉండ విసిరింది. అడుగు బోల్టుకు బీడీ దారం చుట్టి బిగిస్తే చుక్క కారదు. అది అతని సొంత పద్ధతి. తర్వాత రెండు గొట్టాల్లోనూ సరిసమానంగా కొత్త నూనె పోశాడు.

మధ్యాహ్నానికి చక్రం ఎక్కింది. ఒంటి మనిషి బరువుకు అసలు సంగతి తెలియదు.

"జర ఎనుక కూసో. వాగు దాకా పోయొద్దాం."

"ఆకు ఎండుతది," అంది మంజుల. కాని చాట దించింది.

అతని చేతుల మీదుగా ఎన్ని బండ్లు పోయినా వాళ్లకంటూ ఒకటి లేదు. ఆమె ఒక పక్కకు కూర్చుని, ఎక్కడ పట్టుకోవాలో తెలియక సీటు అంచు పట్టుకుంది. రెండో స్పీడుబ్రేకరు దాటాక అతని భుజం పట్టుకుంది. వాగు దగ్గర తిప్పవలసినవాడు ఇంకొంత దూరం పోయి తిప్పాడు. అతనికి సంతోషంగా ఉంది.

"నడుముకు ఏమన్న తెలుస్తుందా?"

"గుంత అచ్చిందా అసలు?"

సాయంత్రం వస్తానన్న ఏసుబాబు ముందే ఆటో దిగాడు. గడ్డం పెరిగి ఉంది. భూమేశ్ బల్ల మీది డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.

"పుష్ప పోయిందే అన్నా," అన్నాడు ఏసుబాబు. "జొరమచ్చింది. జగిత్యాల దవాఖాన్ల ఒక్కనాడే ఉన్నది. నిన్న మట్టి జేసినం."

భూమేశ్ డబ్బాను తిరిగి బల్ల మీద పెట్టేశాడు. మంజుల నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఏసుబాబు తాగి, బండి దగ్గరకు పోయి హ్యాండిలు నొక్కాడు. ముందుభాగం నెమ్మదిగా దిగి, నెమ్మదిగా లేచింది. ఇంకోసారి నొక్కి, చేయి తీయకుండా ఉండిపోయాడు.

"లోపట ఏమైండె?"

"సీళ్లు పోయినయ్."

ఏసుబాబు చూపు డబ్బా మీద పడింది. "గా నూనె నేనే పోసిన. సీళ్లు కారి, గాలికి తుంపర్లు లేసి, ఆమె చీరకు నల్లగ మరకలు పడుతుండె. సాంచల నూనెతోని మరక పడదు గదా అని సిరిసిల్ల నుంచి తెచ్చి పోసిన. మంచిదేనా అన్నా అది?"

పొద్దుటినుంచి దాచుకున్న మాట భూమేశ్ నోటిదాకా వచ్చి ఆగింది.

"మంచిదే," అన్నాడు. "మరక పడదు."

ఏసుబాబు తలూపాడు. వెనక సీటును అరచేత్తో ఒకసారి తుడిచి, కిక్కు కొట్టి, జగిత్యాల రోడ్డు పట్టాడు.

"మెత్త ఇడిసిపెట్టి పోయిండు," అంది మంజుల.

భూమేశ్ డబ్బాను బల్ల కిందికి, కనబడనంత లోపలికి నెట్టాడు. మేకుకు దిండు అలాగే వేలాడుతోంది. పాత చీర చింపి కుట్టిన గలీబు మీద, ఎంత వెతికినా, ఒక్క నూనె మరక లేదు.