సాక్షి సంతకం

ఓట్స్ గిన్నె అడుగంటింది. వాండా దాన్ని గీకుతుంటే భర్త రస్సెల్ వచ్చి బల్లమీద కాగితాల కట్ట పెట్టాడు.

"చెయ్యి తుడుచుకుని వీటిమీద సాక్షిగా సంతకాలు పెట్టేద్దూ. పేటెంట్ లాయరు పదింటికల్లా పంపమన్నాడు. నువ్వు కళ్లారా చూసిన పనేగా."

చూసిన పనట! కాలేయంలో క్యాన్సర్ గడ్డకని పంపిన మందు పూసలు సగానికి సగం మంచి భాగంలోకి పోయి దాన్నీ పాడుచేస్తుంటే, మూడు చలికాలాలు ల్యాబ్‌లో గాజుతో చేసిన నమూనా రక్తనాళం ముందు కూర్చుని నీలం పూసలు లెక్కపెట్టింది ఎవరు? పూసలు వదిలే సన్నగొట్టం కొసని నాళం గోడవైపు జరిపి, గుండె రెండు దెబ్బల మధ్య విడిస్తే పూసలన్నీ గడ్డవైపే పోతాయని తేలిన రోజు, పాపకి జ్వరమని ఇంటికి పరుగెడుతూ కూడా ముందు అతనికే చెప్పింది. "చూద్దాంలే" అన్నాడు. ఆదివారం భోజనాల దగ్గర మళ్లీ ఎత్తితే అత్తగారు, "ఇంట్లో కూడా పూసల గోలేనా అమ్మాయ్, వాణ్ణి తిననీ" అంది. వాండా నోరు మూసుకుని బంగాళాదుంపలు వడ్డించింది. ల్యాబ్‌కి అతను పెద్ద, ఆమె సహాయకురాలు. ప్రతి శుక్రవారం ఫోన్లో మాట్లాడుతూనే ఆమె ల్యాబ్ పుస్తకంలో సంతకాలు గిలికేవాడు, ఒక్క ముక్క చదివేవాడు కాదు. "మనిద్దరం వేరా?" అనేవాడు. నమ్మింది, వెర్రిది.

పేజీలు తిప్పింది. తను వారం వారం అతనికిచ్చిన అంకెలే, అతని చేతిరాతలో. "పని చేసినవారు" అన్నచోట అతని సంతకం. "చదివి అర్థం చేసుకున్న సాక్షి" అన్నచోట ఖాళీ. సాక్షి సంతకం పెట్టినవాళ్లు ఆ పని మాది అనకూడదు. కొత్తగా చేరినవాళ్లకి ఏటా ఆ నియమం నేర్పేది తనే. అతనికీ తెలుసు. తెలిసే తెచ్చాడు. పదకొండేళ్లు కాపురం చేసిన మొగుడు.

"నా పేరెక్కడ?"

"వ్యాసం రాసినప్పుడు కృతజ్ఞతల్లో పెడతాలే, నీ ఓపిక్కి. పొద్దున్నే రాద్ధాంతం మొదలెట్టకు. పాప డబ్బా కట్టావా? బస్సొచ్చేస్తోంది."

వాండా చేతులు తుడుచుకుంది. తలుపు పక్కన తగిలించిన సంచీలోంచి తన ల్యాబ్ పుస్తకం తీసి, గుర్తు పెట్టిన పేజీ అతని ముందు తెరిచింది. పైన, పూసలన్నీ గడ్డవైపే పోయిన ఆ రోజు తారీఖు. పని చేసినవారు, వాండా. కింద సాక్షి గడిలో హడావిడిగా గిలికిన సంతకం.

రస్సెల్ తన సంతకం తనే గుర్తుపట్టాడు.

"సాక్షివి నువ్వు. ఆ శుక్రవారమే పెట్టేశావు" అంది వాండా. "పాప డబ్బా కట్టు. పదింటికల్లా లాయరుకి ఈ పేజీలు నేను పంపాలి."