ఎదురుకోళ్ల నాటి క్లారినెట్

సైదులుకూ నాకూ ఉన్న పంచాయితీ ఒక్కటే. హుజూర్‌నగర్ హనుమంతు బ్యాండు గొప్పదా, కల్వకుర్తి జానయ్య బ్యాండు గొప్పదా అని. ముప్పై ఏళ్లుగా అది తెగలేదు. రాష్ట్రం వచ్చింది, మా తలలు నెరిశాయి, పెళ్లిళ్లలో బ్యాండ్లు పోయి డీజేలు వచ్చాయి. అయినా మేమిద్దరం ఎక్కడ కలిసినా అదే గొడవ. విన్నవాళ్లు నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ. డీజే పెట్టెల ముందు ఎగిరేవాళ్లకు హనుమంతు క్లారినెట్ ఏం తెలుసు, జానయ్య ట్రంపెట్ ఏం తెలుసు.

పదో తరగతి తప్పిన ఏడు మా ఇద్దరికీ ఒకటే సైకిలు. పానగల్ నుంచి బయల్దేరి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేవాళ్లం. పెళ్లి ఎవరిదని అడిగేవాళ్లం కాదు, బ్యాండు ఎవరిదని అడిగేవాళ్లం. పిలవని పెళ్లిలో బారాత్ ముందు ఎగిరి, పంక్తిలో కూర్చుని తిని, చేతులు కడుక్కుని వచ్చేసేవాళ్లం. పిల్లవాడి తరఫువాళ్లు మమ్మల్ని పిల్ల తరఫు అనుకునేవాళ్లు, పిల్ల తరఫువాళ్లు అటు తరఫు అనుకునేవాళ్లు. ఆ రోజుల్లో నాకు ఒక్క దిగులైనా ఉండేదా అని ఇప్పుడు వెతికితే ఒక్కటీ దొరకదు.

ఆ తర్వాత నేను నల్లగొండలో మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం పెట్టుకున్నాను. సైదులు హుజూర్‌నగర్ దిక్కు ఒక రైస్ మిల్లులో ఇరవై ఏళ్లు పనిచేశాడు. ఆ మిల్లు మోత వాడి చెవులు తినేసింది. కుడి చెవి పూర్తిగా పోయాక ఊరికి తిరిగొచ్చాడు. ఎడమది కూడా పోతోందని పోయినేడు తెలిసింది. దవాఖానకు నేనే తీసుకుపోయాను. ఆర్నెల్లో ఏడాదో అని డాక్టరు చెబితే, ఆ మాటను నేను వాడి చెవి దగ్గర మళ్లీ అరిచి చెప్పాల్సి వచ్చింది. అంతకన్నా పాపిష్టి పని నేను చేయలేదనుకున్నాను అప్పుడు.

"ముందుగాల సన్న సప్పుళ్లు పోతయట. లావు సప్పుళ్లు తర్వాత పోతయట," అని బస్సులో వాడే నాకు వివరించాడు, నేను వినలేదన్నట్టు. కిటికీలోంచి చూస్తూ, "బాలిగా, చెవు పోకముందే హనుమంతు క్లారినెట్ ఒక్కసారి ఇనాలె ర," అన్నాడు.

హనుమంతు చనిపోయి ఐదేళ్లయింది. జానయ్య హైదరాబాదులో ఏదో అపార్టుమెంటుకు కాపలా ఉంటున్నాడు, పళ్లు లేవు. వాళ్లనెవరూ రికార్డు చేయలేదు. వాయించే మాదిగోళ్ల పిల్లలను పెళ్లి కాగానే వెనక దొడ్లో కూర్చోబెట్టి అన్నం పెట్టి పంపడమే తప్ప, వాళ్ల పాట దాచుకోవాలని మాలో ఎవరికి తోచింది కనుక.

"మీ నవనీత పెళ్లి వీడియో క్యాసెట్ ఉంటది గద. గిరి తీసిండు గద," అన్నాడు సైదులు.

నా గుండె నిజంగానే ఎగిరింది. తొంభై ఆరులో మా చెల్లె నవనీత పెళ్లి. పిల్లవాడిది కల్వకుర్తి, వాళ్లు జానయ్య బ్యాండుతో దిగారు. మా తరఫున సైదులు హుజూర్‌నగర్ పోయి హనుమంతు బ్యాండును పట్టుకొచ్చాడు. ఎదురుకోళ్లప్పుడు, అంటే పిల్లవాడి తరఫువాళ్లకు ఎదురెళ్లి ఊళ్లోకి పిలుచుకొచ్చేటప్పుడు, బడి ముందర రెండు బ్యాండ్లు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఎర్రకోట్లు ఇటు, తెల్లకోట్లు అటు. గంటసేపు ఒకరి మీద ఒకరు వాయించారు. నేను పిల్ల అన్నను, అయినా మనసంతా అటు జానయ్య మీదే. మా బాపు నన్ను తిట్టని తిట్టు లేదు. చివరికి హనుమంతు గెలిచాడని సైదులు, కాదు, ముహూర్తం దాటుతోందని పెద్దలు ఆపమంటేనే జానయ్య ఆపాడని నేను. మా పంచాయితీకి అసలు వేరు అక్కడుంది.

"క్యాసెట్ దొరికితే తేలిపోతది," అన్నాడు సైదులు. "నాకు ఇనవడుతుండంగనే తేలాలె."

ఆ క్యాసెట్ తీసినప్పుడు నవనీత అత్తగారింట్లో టీవీ కూడా లేదు. అది నేరుగా కల్వకుర్తి పోయింది, మాలో ఎవరూ చూడలేదు. నేను ఫోన్ చేస్తే నవనీత విసుక్కుంది. "గిప్పుడెందుకన్నా గది? యాడుందో ఏమో," అంది. మూడు వారాలు వెంటపడితే పాత బీరువా అడుగున దొరికిందని చెప్పింది. ఆదివారం పోయి తెచ్చాను. టేపు నిండా బూజు. నల్లగొండలో గిరి స్టూడియో ఇంకా ఉంది, ఇప్పుడు ఆధార్ ఫొటోలు తీస్తున్నాడు. తుడిచి బాగుచేసి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కిస్తానన్నాడు. పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ సైదులు రోజుకు రెండుసార్లు ఫోన్ చేసేవాడు. నేను చెప్పేది వినబడక, తను అడగాల్సింది అడిగి పెట్టేసేవాడు.

పదకొండో రోజు గిరి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. బడి కనబడింది. మా బాపు కనబడ్డాడు, బతికున్నప్పటి బాపు. ఎర్రకోటులో హనుమంతు, బుగ్గలు ఉబ్బి, కళ్లు మూసుకుని. ఎదురుగా జానయ్య. వెనక సైదులు ఎగురుతున్నాడు, వాడికి అప్పుడు నడుముందని గుర్తొచ్చింది. సౌండు పెంచాను. స్పీకర్లో ఏదో సినిమా పాట. ఆడగొంతు. హనుమంతు వేళ్లు ఒకలా కదులుతున్నాయి, పాట ఇంకోలా పోతోంది.

"బ్యాండు సప్పుడేదిరా?" అని అరిచాను.

"గప్పుడు అందరికీ గట్లనే చేసేటోళ్లం గదన్నా," అన్నాడు గిరి నింపాదిగా. "అసలు సప్పుడు తీసేసి సినిమా పాటలు ఎక్కించేది. పాటల చిట్టీ మీరే రాసిచ్చేటోళ్లు. నీ చిట్టీ క్యాసెట్ డబ్బలనే ఉన్నది, సూడు."

కోడిగుడ్డు రంగుకు తిరిగిన గీతల కాగితం. నా రాత. ప్రధానానికి ఒక పాట, పసుపు కొట్టడానికి ఒక పాట, అప్పగింతలకు ఒక ఏడుపు పాట. ఎదురుకోళ్ల దగ్గర కింద రెండు గీతలు గీసి రాసి ఉంది: 'బ్యాండు మోత అస్సలు వద్దు.'

అందరూ సప్పుడు తీసేయించినవాళ్లే, నిజమే. కానీ అందరూ రెండు గీతలు గీయలేదు. నేనెందుకు గీశానో నాకు తెలుసు. ఆ రోజు ఎదురుకోళ్లలో పెద్దలెవరూ ఆపమనలేదు. హనుమంతు క్లారినెట్ పైకి ఎక్కి అక్కడే నిలబడింది, దిగనే లేదు. జానయ్య ట్రంపెట్ ఎత్తాడు, ఊపిరి అందలేదు, మళ్లీ ఎత్తాడు, దగ్గు వచ్చింది. నేను అతని పక్కనే ఉన్నాను. ఓడిపోవడం చూశాను. క్యాసెట్లో అది ఉండకూడదనుకున్నాను. ఆ తర్వాత ఇన్నేళ్లూ అబద్ధం చెబుతూ చెబుతూ అదే నిజమని నేనే నమ్మాను.

మర్నాడు పొద్దున పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని పానగల్ పోయాను. ఉన్నదున్నట్టు చెప్పి, వాడు కొడితే పడదామనే పోయాను. సైదులు తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని టీవీ ముందు కూర్చున్నాడు. వాడి భార్య బిక్షమ్మ పత్తి ఏరడానికి పోయిందట.

"మంచిదైంది. అది ఉంటే మాట్లాడుకుంట ఉంటది," అన్నాడు.

ముందు బొమ్మ చూపిద్దాం, చూశాక చెబుదాం అనుకున్నాను. ఆ దిక్కుమాలిన సినిమా పాట వాడు వినకూడదని టీవీ సౌండు సున్నాకు తగ్గించి, తర్వాత వీడియో పెట్టాను.

బడి ముందరి మట్టిలో ఎర్రకోట్లు, తెల్లకోట్లు. సైదులు ముందుకు జరిగాడు. ఎడమ చెవిని టీవీకి ఆనించినంత దగ్గరగా పెట్టాడు, పక్కచూపుతో బొమ్మ చూస్తూ. హనుమంతు బుగ్గలు ఉబ్బాయి. సైదులు కదల్లేదు. నేను చెప్పడానికి ఊపిరి తీసుకున్నాను.

"పోయింది ర," అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. "డాక్టర్ చెప్పిండు గద, సన్న సప్పుళ్లు ముందు పోతయని. పోయింది."

ఆ ఒక్క నిమిషంలో చెప్పి ఉండాల్సింది. సౌండు నేనే తీసేశానని, ఇప్పుడూ అప్పుడూ నేనే తీసేశానని. రిమోట్ నా చేతిలోనే ఉంది. చెబితే వాడికి ఇంకొన్నాళ్లు చెవి ఉందని తెలుస్తుంది, ఆ చెవితో వినడానికి ఏమీ మిగల్లేదనీ తెలుస్తుంది. వాడి కోసమే ఆగానని చెప్పుకోవచ్చు. కాదు, పిరికితనంతో ఆగాను.

"నీకు ఇనవడ్తుందా?" అని అడిగాడు.

"ఆఁ, ఇనవడ్తుంది," అని అరిచాను.

"ఎట్లుంది?"

"హనుమంతుదే గెలుపు," అన్నాను వాడి చెవి దగ్గర నోరు పెట్టి. "జానయ్యకు ఊపిరందలె. నువ్వన్నదే నిజం ర సైదులు. మొదటి నుంచీ నువ్వన్నదే నిజం."

సైదులు నా ముఖంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నువ్వు ఒప్పుకున్నవంటే నా పని అయిపోయినట్టే," అన్నాడు. "జాలి పడకు బాలిగా. కొట్లాడు. ఎప్పటి లెక్కనే కొట్లాడు జర."

నేను కొట్లాడలేకపోయాను. ఈ పంచాయితీలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని వాడు జాలి అనుకున్నాడు. తెర మీద రెండు బ్యాండ్లూ ఇంకా వాయిస్తూనే ఉన్నాయి, ఇంటి ముందు నుంచి ఏదో ట్రాక్టరు పోయింది.

"బిక్షమ్మకు చెప్పకు, ఏడుస్తది," అంటూ లేచి వాడే టీవీ వెనక నుంచి పెన్ డ్రైవ్ పీకాడు. చొక్కా అంచుతో తుడిచి నా చేతిలో పెట్టాడు. "గిది నాకెందుకు ఇగ? నువ్వే ఉంచుకో. నీకు ఇనవడ్తది గద."

తీసుకుని జేబులో వేసుకున్నాను.