వీపు చూపించని సినిమా

ఆ బట్టల కంపెనీ పనిగదిలో ఆమెను అందరూ సూదక్క అనేవారు. పొద్దున వస్తూనే ఎడమ మణికట్టుకు గుండుసూదుల మెత్త కట్టుకునేది, ఒక్కోరోజు విప్పడం మరిచి దాంతోనే ఇంటికి పోయేది. మాట తక్కువ మనిషి. ఎప్పుడూ నోట్లో నాలుగు సూదులు ఉండటం వల్ల మాట తగ్గిందో, మాట తక్కువ కాబట్టే సూదులు పెట్టుకునేదో ఎవరూ ఆరా తీయలేదు.

ఆ ఏడాది కొత్త బట్టల కోసం కంపెనీ మేడమ్ ఒక చిన్న సినిమా తీయించింది. పక్క కంపెనీలన్నీ తీస్తున్నాయి. ఫొటోలు చూసి కొనే రోజులు పోయాయి, ఇప్పుడు కథ ఉండాలి అన్నది ఆమె మాట. కథ పెద్దగా ఏమీ లేదు. ఒక పాత మేడలో ఒకమ్మాయి గదిలోంచి గదిలోకి నడుస్తూ ఉంటుంది. గది మారినప్పుడల్లా ఒంటి మీద బట్టలు మారతాయి.

"చివరికి ఎక్కడికి పోతుంది బాబూ ఆ పిల్ల?" అని ఇస్త్రీ తాత డైరెక్టరును అడిగాడు.

"అది చూసేవాళ్ళు ఆలోచించుకోవాలి తాతా."

"అంటే నీకూ తెలీదన్నమాట," అని తాత మళ్ళీ ఇస్త్రీలో పడ్డాడు.

షూటింగులో సూదక్క పని వీపుతోనే. బట్టలన్నీ ఆ మోడలమ్మాయికి వదులు. ముందు నుంచి చూస్తే పోత పోసినట్టు కనపడాలి గనుక వెనక గుడ్డంతా కుచ్చుగా లాగి, వరసగా క్లిప్పులు పెట్టేది. వెనక నుంచి చూస్తే ఆ పిల్ల ఆరేసిన బట్టల తీగలా ఉండేది. అందుకే డైరెక్టరు మొదటిరోజే గట్టిగా చెప్పాడు: ఎవరు ఏ కెమెరా పట్టుకున్నా సరే, వీపు మాత్రం తీయకూడదు.

బట్టలు వదులు కావడానికి కారణం పనిగదిలో ఉంది. ఆ కంపెనీలో ఇనుపకాలి మీద నిలబెట్టిన ఒక బొమ్మను చూసి బట్ట కోస్తారు. దాని మీద దూది, గుడ్డ చుట్టి ఒక మనిషి ఒంటికి సరిగ్గా సరిపడేట్టు చేశారు. ఆ మనిషి సూదక్క చెల్లెలు. ఏడేళ్ళు ఆ పిల్ల ఉద్యోగం నిలబడటమే. కోసిన ప్రతి బట్టా ఆమె ఒంటి మీద వేసి, సరిచూసి, ఆ తర్వాతే కుట్టేవారు. ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉండేది. నడిచేటప్పుడు కుడికాలి మీద అర క్షణం ఎక్కువ ఆగేది. పోయిన వానల్లో ఊపిరి జబ్బు చేసి ఆ పిల్ల పోయింది. కొత్తమ్మాయిని పెట్టుకుని బొమ్మను మళ్ళీ చుట్టమని మేడమ్ అంటూనే ఉంది. సూదక్కకు చేతులు రాలేదు. ఈ ఒక్కసారికి కానివ్వండి, ఈ ఒక్కసారికి కానివ్వండి అంటూ జరుపుకొచ్చింది. అలా ఈ బట్టలన్నీ పోయిన పిల్ల కొలతకే తయారయ్యాయి.

సినిమా అతుకులు వేసే పని ఎడిటరుది. పనిగది పక్కనే మూడడుగుల గది, తెరలు రెండు, టీ మరకల బల్ల. అతను ఒక పగటిపూట తలుపులోంచి తల బయట పెట్టి పిలిచాడు.

"అక్కా, ఒకసారి ఇలా వస్తావా? ఈ షాట్ ఎవరు తీశారో ఎవరూ చెప్పట్లేదు. డైరెక్టరు గారేమో రెండో కెమెరావాడంటాడు. వాడేమో ఒట్టేసి కాదంటాడు."

తెర మీద ఆ పాత మేడలోని పొడుగాటి వరండా. ఒక పక్కన ఆరు కిటికీలు, తెల్లటి తెరలు, నేల మీద ఎండ ముక్కలు. చివర ఒక తలుపు. ఆ తలుపు ఉత్తదే, వెనక ఎప్పుడో గోడ కట్టేశారని మేడ కాపలాదారు షూటింగు నాడే చెప్పాడు. బూడిదరంగు పొడుగు గౌనులో ఒకమ్మాయి కెమెరాకు వీపు చూపిస్తూ తలుపు వైపు నడుస్తోంది.

వీపు మీద ఒక్క క్లిప్పు లేదు. గౌను ఎక్కడా ముడత పడలేదు. భుజాల దగ్గర, నడుం దగ్గర ఒంటిని అంటిపెట్టుకుని ఉంది.

"క్లిప్పులు నువ్వు తీసేశావా?" అన్నాడు ఎడిటరు.

సూదక్క నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి మెత్తకు గుచ్చింది. తెర మీద అమ్మాయి ఎడమ భుజం వాలి ఉంది. కుడికాలి మీద అర క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

"మళ్ళీ వెయ్యి," అంది సూదక్క.

ఎడిటరు మళ్ళీ వేశాడు. ఇందాక మొదటి కిటికీ దగ్గర మొదలైన నడక ఈసారి కిటికీ దాటాక మొదలైంది.

ఎడిటరు గొంతు తగ్గించి చెప్పాడు.

"పొద్దున చూసినప్పుడు కెమెరా పక్కనే ఉందక్కా. జుట్టు మాత్రమే కనపడేది. నా కళ్ళే దెబ్బతిన్నాయనుకున్నాను. చూసినప్పుడల్లా కాస్త ముందుకు పోతోంది."

"వెనక్కి తిప్పు."

అతను వెనక్కి తిప్పాడు. గాలికి లేచిన కిటికీ తెరలు తిరిగి ముడుచుకున్నాయి. ఎండలో ఎగిరిన దుమ్ము తిరిగి నేల మీదికి దిగింది. అంతా వెనక్కి పోయింది. ఆ పిల్ల మాత్రం తలుపు వైపే నడిచింది.

ఎడిటరు టక్కున ఆపేశాడు. అతని మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం సూదక్కకు కనిపించింది. ఆమెది మాత్రం భయం కాదు. ఏడాదిగా దూదిలో వెతుక్కుంటున్న మనిషి కళ్ళెదుట నడుస్తుంటే వెనక నుంచి ఒక్క పిలుపు పిలవాలని ప్రాణం కొట్టుకుపోతోంది.

అంతలో మేడమ్ లోపలికి వచ్చింది. షాట్ చూసింది. చేతులు చరిచింది.

"ఇదీ! ఇదే కావాల్సింది! దీంతోనే సినిమా ముగియాలి. ఎవరు తీశారు?"

"తెలీదండీ," అన్నాడు ఎడిటరు.

"ఎవరైతేనేం. రేపు మధ్యాహ్నం విడుదల. ఫోనున్న ప్రతి ఆడపిల్లా దీన్ని పదిసార్లు చూడాలి."

పదిసార్లు అన్న మాటకు సూదక్క తెర వైపు తిరిగింది. ఈ గదిలో నాలుగైదుసార్లు చూస్తేనే ఆ పిల్ల రెండో కిటికీకి చేరింది. ఊళ్ళకు ఊళ్ళు చూస్తే ఎంతసేపు? ఆ తలుపు వెనక గోడే ఉందో, ఇంకేముందో. ఒకసారి పోయిన మనిషిని మళ్ళీ పోగొట్టుకోవడం తన వల్ల కాదు.

"ఆ షాట్ వద్దండీ," అంది.

మేడమ్ తిరిగి చూసింది. బల్లకు నోరొచ్చినట్టు చూసింది.

"ఎందుకు?"

"వీపు కుట్టు ముడత పడింది."

"ఎక్కడ? నాకు కనపడలేదే!"

"కొనేవాళ్ళకు కనపడుతుంది."

ఆ కంపెనీలో సూదక్క ఆడిన మొదటి అబద్ధం అదే. కుట్టు విషయంలో ఆమె మాటంటే మేడమ్‌కు గురి. పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ ఒకసారి చూసింది. పిల్ల మూడో కిటికీకి చేరింది. "ఛ, మంచి షాట్ పోయింది. తీసెయ్," అని విసవిసా వెళ్ళిపోయింది.

ఎడిటరు ఆ ముక్కను సూదక్క ఫోనులోకి ఎక్కించాడు. మిగిలిన చోట్లన్నీ చెరిపేశాడు.

"నీ దగ్గర ఒకటి ఉంచుకోవా?" అని అడిగింది.

"బాబోయ్, నాకొద్దక్కా! చీకట్లో బాత్రూముకు ఒక్కణ్ణే పోవాలి నేను."

మర్నాడు సినిమా విడుదలైంది. వీపులు లేకుండానే బాగుందన్నారు. బట్టలు అమ్ముడుపోయాయి. సూదక్క ఫోనులో ఆ ముక్క తెరవలేదు. చూడకుండా ఉంటే చెల్లెలు మూడో కిటికీ దగ్గరే ఉంటుంది. ఎండలో, గాలికి తెరలు కదిలే చోట. ఆ ధైర్యంతో పని చేసుకుంది, అన్నం తిన్నది. కానీ ఫోను ఎక్కడ పెట్టినా మనసు దాని మీదే. వంటింట్లోకి పోయినా వెంట పట్టుకుపోయేది.

మూడోరోజు సాయంత్రం బీన్స్ ఈనెలు తీస్తున్న అమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"ఎవడే వాడు?"

"ఎవడేంటమ్మా?"

"ఫోను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నావు. ఈ వయసులో నీకెవడు దొరికాడే?"

సూదక్కకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పింది. అమ్మ మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. నీకు మతి పోయిందనలేదు. చేతులు తుడుచుకుని పక్కకు జరిగి చోటిచ్చింది.

"చూపించు."

"చూస్తే తరిగిపోతుందమ్మా."

"ఇంకెంత దూరముంది?"

"మూడు కిటికీలు."

"ఒక్కసారి చూస్తాను. దాని తల్లిని కదే."

ఫోను మధ్యలో పెట్టుకుని చూశారు. చిన్న తెరలో వరండా ఇంకా పొడుగ్గా కనపడింది. ఆ పిల్ల నాలుగో కిటికీ వైపు నడిచింది. అమ్మ ముఖం తెరకు ఆనేంత దగ్గరగా వంగింది.

"జుట్టు పెరిగింది," అంది.

సూదక్కకు అప్పటిదాకా తట్టలేదు. ఆస్పత్రిలో చెల్లెలి జుట్టు కురచగా కత్తిరించారు. తెర మీద అది భుజాల దాకా ఉంది. ఏడాదిపాటు పెరిగినట్టుంది. ఆమె తెర మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇక చాలమ్మా. ఇలాగే దాచుకుందాం. చూడకపోతే ఎక్కడికీ పోదు."

"పోకుండా ఏం చేస్తుంది?"

"అక్కడే ఉంటుంది."

"నిలబడా?"

విప్పడం మరిచిన మెత్తను సూదక్క మణికట్టు మీద తిప్పుకుంది.

"ఏడేళ్ళూ దాన్ని నిలబెట్టే ఉంచారు కదే," అంది అమ్మ. గొంతులో కోపం లేదు. "నువ్వు సూదులు గుచ్చుతుంటే కదలకుండా నిలబడేది. ఇంటికొచ్చి కాళ్ళు నా ఒళ్ళో పెట్టి పిసకమనేది. పిక్కలు రాళ్ళలా ఉండేవి. పోయాకన్నా కూచోనివ్వవా దాన్ని? అదేదో పని మీద పోతున్నట్టుంది. పోనీ."

"ఆ తలుపు వెనక ఏముందో తెలీదమ్మా."

"నీకు తెలీదు. దానికి తెలిసే పోతోంది. నడక చూశావా, ఎక్కడన్నా తడబడిందా?"

బీన్స్ పళ్ళెం మీద తిరుగుతున్న ఈగను అమ్మ తోలింది. తర్వాత సూదక్క బొటనవేలు తెర మీద పెట్టి నొక్కింది.

నాలుగో కిటికీ. మళ్ళీ నొక్కింది. అయిదోది. గౌను వీపు మీద ఎండ పడి జారిపోయింది. ఆరో కిటికీ దగ్గర ఆ పిల్ల ఒక్క క్షణం ఎక్కువే ఆగింది. వెనక ఎవరో ఉన్నారని తెలిసినట్టు మెడ కాస్త పక్కకు తిరగబోయింది. సూదక్క నోరు తెరిచింది. అమ్మ చెయ్యి వచ్చి గట్టిగా ఆ నోరు మూసింది. బీన్స్ పచ్చి వాసన.

"పిలవకు," అంది అమ్మ చెవిలో. "పిలిస్తే ఆగుతుంది."

ఆఖరుసారి నొక్కినప్పుడు ఆ పిల్ల తలుపు తోసింది. గోడ కట్టేసిన తలుపు నెమ్మదిగా లోపలికి తెరుచుకుంది. అవతల ఎండా లేదు, చీకటీ లేదు. వాన రాబోయే ముందు ఉండే వెలుతురు లాంటిది ఉంది. ఎడమ భుజం వాల్చుకుని లోపలికి పోయింది. వెనక్కి చూడలేదు.

వరండా ఖాళీ. తెరలు కదులుతున్నాయి.

"తలుపు వేసి పోలేదు చూడు," అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఎన్నిసార్లు చెప్పినా అంతే అది."

తలుపు తెరిచే ఉంది. అందులోంచి ఆ వెలుతురు వరండా నేల మీదికి కొంచెం కొంచెంగా సాగుతోంది. ఇంకోసారి నొక్కితే తలుపు మూసుకుంటుందో, అందులోంచి ఇంకెవరైనా ఇటు రావడం మొదలుపెడతారో తెలియదు. సూదక్క వేలు తెర మీదికి పోయి ఆగింది.

అమ్మ ఆ ఫోను మెల్లగా తీసుకుని, బల్ల మీద బోర్లా పెట్టి, బీన్స్ పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.