కుస్తీకి పంచ్ కావలెను

పోయినేడు మా జాతర కుస్తీలో ఎవరి వీపు నేలకు తగిలిందో తేలక రెండు ఊళ్లు కొట్టుకున్నాయి. ఈసారి గెలుపోటములు చెప్పడానికి అందరూ ఒప్పుకున్న పంచ్ ఉంటేనే పర్మిషన్ అని ఎస్సై తేల్చేశాడు. జాతర కమిటీ పెద్దను నేను, రామ్‌కిషన్‌ను. నా హయాంలో కుస్తీ ఆగితే న్యాల్‌కల్ నుంచి జహీరాబాద్ దాకా తలెత్తుకొని తిరగలేను.

పంచ్‌ను నేను పెట్టినా, ఒప్పుకోవాల్సింది రెండు ఊళ్ల జనం. మనిషిని అరుగు మీద నిలబెట్టి, ఎవరేం అడిగినా జవాబు చెప్పించాలి.

ముందు రిటైర్డ్ హెడ్మాస్టర్ మల్లప్ప సారును నిలబెట్టాను.

"మా తమ్ముని రెండు మార్కులకు ఫెయిల్ చేసిండు. గీయన వీపులేం చూస్తడు?" అన్నారెవరో.

సారు ఆ పేపరు మళ్లీ దిద్దుతానని అరుగు దిగి పోయాడు. ఇప్పటికీ రాలేదు.

తర్వాత కోర్టులో టైపిస్టు సురేశ్.

"నీ పెండ్లికి అవతలి ఊరి పహిల్వాన్ వచ్చిండా లేదా?"

"వచ్చిండు గని తినలే."

"మూడుసార్లు వడ్డించిన గద," అంది వెనకనుంచి అతని భార్య.

ఒళ్లు మండి జహీరాబాద్ బస్టాండుకు పోయి, నారమ్మ బండి దగ్గర బజ్జీలు తిన్నాను. ఒక కండక్టర్ ఆమెతో తగువుకు దిగాడు.

"బజ్జీ సల్లగున్నది."

"అవు, సల్లగయింది. ఇంకోటి తీస్కో."

ఇంకేం అనాలో తెలియక అతను బస్సెక్కాడు. నా పంచ్ దొరికిందనుకున్నాను.

మర్నాడు నారమ్మ అరుగెక్కింది.

"నీకు కుస్తీ తెల్వదు గద?"

"తెల్వదు. ముప్పై ఏండ్ల సంది మీ జాతరల బజ్జీలేస్తున్న, కుస్తీ దిక్కు సూడనే లే."

"మరెట్ల చెప్తవ్?"

"వీపుకు మట్టంటితే ఓడినట్టు."

"పోయినేడు నా బజ్జీలు కావాలనే మాడ్చినవ్."

"అవు. నాలుగుసార్లు చట్నీ అడిగినవ్."

జనం నవ్వారు, చేతులు లేచాయి. సంతోషం పట్టలేక అందరి ముందూ అనేశాను: "ఎవ్వరి మొఖం సూడకుండ చెప్పక్కా."

మా దగ్గర మొదటి కుస్తీ కొబ్బరికాయకు, చివరిది వెండి కడేనికి. కొబ్బరికాయ కుస్తీ కమిటీ పెద్ద పడతాడు. ఎదుటివాడు మర్యాదగా వెల్లకిలా పడుకుంటాడు. అట్లా ఎనిమిదేళ్లలో ఎనిమిది కాయలు గెలిచాను.

ఈసారి అవతలి ఊరి రామచందర్ కూడా పడుకోబోయాడు పాపం. ఇంతలో నా కాలు జారింది.

నారమ్మ వంగి నా వీపును వేలితో తుడిచి చూసింది. "పటేలా, నీ వీపుకే మట్టి."

"అక్కా, జర సరిగ్గ సూడు."

"సూసిన."

"నిన్ను పంచ్‌గ పెట్టింది నేను."

"అవు."

ఎస్సై నా వైపే చూస్తున్నాడు. రెండు ఊళ్లూ నా వైపే చూస్తున్నాయి. కొబ్బరికాయ తీసి రామచందర్ చేతిలో పెట్టాను.

ఈలలు మోగాయి. అసలు పహిల్వాన్లు బరిలోకి దిగారు. కడెం గెలిచినవాడి చేతికెక్కేదాకా నారమ్మ మాటకు ఒక్కరూ ఎదురు చెప్పలేదు. నా వీపు మట్టిని మాత్రం ఇల్లు చేరేదాకా ఎవరూ దులపలేదు.