గుడ్డ కప్పని కంప్యూటరు

తెల్లవారగానే అజారా ముంగిట్లో నీళ్ళు చల్లకుండా ఊడ్చేది. ఎండుగాలి నెలల్లో తమాలే పట్టణంలోని తక్కిన ఆడవాళ్ళు ముందు నీళ్ళు చల్లి, దుమ్మును అణచి, ఆ తరువాతే చీపురు పట్టేవారు. ఆమె మాత్రం పొడి నేలమీద నడుము వంచి, కొంచెం కొంచెంగా ఊడుస్తూ, చెవిని నేలవైపు ఒగ్గి వినేది. కుప్పలో మాటలేవీ లేవని తేలాక దాన్ని ఎత్తి గోడ అవతల పోసేది. పెద్దకొడుకు నపారి పని వెతుక్కుంటూ ఎడారి దాటడానికి వెళ్ళిన ఏడాది నుంచీ ఆమె ఊడ్పు అంతే.

ఉత్తరాన ఎడారి మీదుగా వచ్చే ఆ గాలిని అక్కడ కికా అంటారు. ఇసుకలో ప్రాణం విడిచినవాళ్ళ చివరి మాటలను అది మోసుకొస్తుంది. వీధి చివర ఉండే సనాతు తన కిటికీ గట్టుమీద పేరుకున్న దుమ్ములో తమ్ముడి గొంతు విన్నది. ఇమాము "ఏమన్నాడు?" అని మాత్రం అడిగి, మర్నాడు చనిపోయినవాళ్ళకోసం చేసే జనాజా నమాజు చదివించాడు. గొంతు దొరకనివాడు బతికి ఉన్నట్టే. అజారా చీపురుకు నపారి ఇంతవరకూ దొరకలేదు. కనుక అతను బతికే ఉన్నాడు. మెమునా అతని భార్యగానే ఉంది.

అయితే ఆ ఇంట్లో చీపురు చేరని చోటు ఒకటి ఉంది. నపారి ఒకప్పుడు తన టైపింగు కొట్టులో వాడిన పాత కంప్యూటరు మెమునా గదిలో బల్లమీద ఉంది. దాని ఫ్యాను గదిలోని గాలిని లోపలికి పీల్చేది. గాలితోపాటు దుమ్మునూ పీల్చేది. "కికా మొదలైతే పని కాగానే దీనికి గుడ్డ కప్పు" అని నపారి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పాడు. మెమునా కప్పలేదు. గుడ్డ కప్పితే అతని గొంతుకు దారి మూసినట్టవుతుంది. మూత తీస్తే ఆ గొంతు వినవలసివస్తుంది. రెండింటికీ చేతులు రాక ఆ పెట్టెను అలాగే ఉండనిచ్చింది. ఏటేటా దాని రొద పెరిగింది. ఆ రొద గురించి అత్తాకోడళ్ళు ఎన్నడూ మాట్లాడుకోలేదు.

చివరికి మాట్లాడినవాడు రేడియో మేనేజరు. మెమునా ఊళ్ళో జరిగిన చావుల ప్రకటనలను అక్కడి దగ్బానీ భాషలో చదివి, కంప్యూటరులో రికార్డు చేసి రేడియోకు పంపేది. ఆ ఇంటికి అదే తిండి.

"మెమునా గారూ," అన్నాడతను ఫోనులో, "చనిపోయినవాళ్ళందరినీ పిండిమరలో పాతిపెడుతున్నారా అని శ్రోతలు అడుగుతున్నారండీ. నవ్వులాటకు అనడం లేదు. శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ ఆ మోత ఇలాగే ఉంటే, ఈ పని వేరేవాళ్ళకు ఇవ్వక తప్పదు."

కొత్త కంప్యూటరు మాట అటుంచి, కొత్త ఫ్యాను కొనడానికి కూడా ఆమె దగ్గర డబ్బు లేదు. మూత తీయకుండానే పని జరిపించాలని చూసింది. పెట్టె వెనక ఉన్న జాలీలోంచి చీపురుపుల్ల దూర్చి, ఫ్యాను ఇరుసుకు షియా చెట్టు గింజల వెన్న పూసింది. ఆ ఊళ్ళో పగిలిన మడమకూ, పురిటిబిడ్డ ఒంటికీ, కీచుమనే తలుపుకూ మందు అదే. మధ్యాహ్నపు వేడికి వెన్న కరిగి ఫ్యాను రొద నెమ్మదించింది. మెమునా సంతోషించి, ఆ పూట పులుసులో ఎండుచేప ఎక్కువ వేసింది. తెల్లవారేసరికి కికా చలికి వెన్న గడ్డకట్టింది. గడ్డకు ఇసుక అంటుకుంది. స్విచ్చి వేయగానే కంప్యూటరు గొంతు పట్టుకున్న మేకలా అరిచింది.

ఇంటి ముందు పందిరికింద చొక్కాలు కుట్టే మరిది ఫుసేని ఆ అరుపుకు లేచి వచ్చాడు.

"ఏం వదినా, మాంసం కోస్తున్నావా? నాకో ముక్క ఉంచు."

"నీ మొహం. వెన్న రాశాను."

"వెన్నా? చలికాలంలో మా అమ్మ డబ్బాలోంచే వెన్న ఊడిరాదు, ఫ్యానులో పెట్టావా! టైపింగు కొట్టు యజమాని పెళ్ళానివి, నీకా మాత్రం తెలియదా?"

"వెటకారం ఆపి కుట్టుమిషను నూనె ఇయ్యి."

ఫుసేని ముఖంలో నవ్వు పోయింది. బల్లమీది పెట్టెను కాసేపు చూశాడు.

"నూనె ఇస్తా. పాత సైకిలు ట్యూబు ముక్కలు కూడా ఇస్తా, అదురు రాకుండా కింద పెట్టుకుందువు. కానీ వదినా, మూత నేను తియ్యను. ఆ పని నువ్వే చెయ్యాలి."

మెమునా కత్తి మొనతో మరలు విప్పుతుండగా అజారా వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఆమెను ఎవరూ పిలవలేదు. చీపురు చేతిలోనే ఉంది.

"నేనింకా ఊడవని చోటు ఇదొక్కటే," అన్నదామె. "కానియ్యి."

మూత లేచింది. ఫ్యాను రెక్కలమీదా, తీగలమీదా, మూలలన్నిటా దుమ్ము బూడిదరంగు దూదిలా పట్టి ఉంది. మెమునా పళ్ళెం కింద పెట్టి బ్రష్షుతో మెల్లగా రాల్చింది. మొదటి పొరలో ఎవరో హౌసా భాషలో నీళ్ళడిగారు. ఆ తరువాతి పొరలో ఒక పడుచుపిల్ల ఎవరినో పేరుపెట్టి పిలిచింది. అది వాళ్ళకు తెలిసిన పేరు కాదు. ఇరుసు దగ్గర, గడ్డకట్టిన వెన్నకు అంటుకున్న దుమ్మును కత్తి మొనతో గీరినప్పుడు, నపారి గొంతు వినిపించింది. నీరసంగా ఉన్నా ఎప్పటి గొంతే. గుమ్మంలో ఆగి మాట్లాడినట్టే ఉంది.

"ఇంటి దగ్గర కికా మొదలై ఉంటుంది. మెమునా ఆ కంప్యూటరుకు గుడ్డ కప్పిందో లేదో."

అంతే. దుమ్ము పళ్ళెంలోకి రాలింది.

"ఇంకోసారి అననీ," అన్నది అజారా.

"అనదు అత్తమ్మా."

ముసలామె చీపురును నేలమీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఫుసేని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మెమునా ఏడవలేదు. మధ్యలో ఆపితే ఆ పని మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకు తెలుసు. వెన్న మొత్తం తుడిచింది. ఇరుసులో కుట్టుమిషను నూనె చుక్క వేసింది. పెట్టె కాళ్ళకింద ట్యూబు ముక్కలు పెట్టింది. మూత బిగించి స్విచ్చి వేసింది. చప్పుడు వినిపించక, ఫ్యాను తిరుగుతోందో లేదోనని జాలీ దగ్గర అరచెయ్యి పెట్టి చూసింది. చేతికి గాలి తగిలింది.

ఇమాము "ఏమన్నాడు?" అని అడిగాడు. మెమునా చెప్పింది.

"కప్పావా అమ్మా?"

"లేదు."

ఆయన తలవంచుకుని, జనాజా నమాజుకు వేళ చెప్పాడు.

శుక్రవారం నాడు మెమునా తక్కిన ప్రకటనలన్నీ ముందు చదివింది. చివర నపారి పేరు, తండ్రి పేరు, తల్లి అజారా పేరు, తమ్ముడు ఫుసేని పేరు చదివింది. భార్య పేరు రావలసినచోట ఎప్పుడూ ఇతరులకు చేసినట్టే ఊపిరి నిలిపి, స్పష్టంగా, 'మెమునా' అని పలికింది. ఆ గదిలో వేరే చప్పుడేదీ లేదు. ప్రసారం కాగానే మేనేజరు ఫోను చేసి, "ఇవాళ మోత అసలు..." అని మొదలుపెట్టి ఆగాడు. "అల్లా ఆయనను కరుణించుగాక," అని పెట్టేశాడు. పని ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఆమె కంప్యూటరు ఆపి, బట్టల పెట్టెలోంచి నపారి నీలిచారల చొక్కా తీసి, దులిపి, కంప్యూటరుమీద కప్పింది. నాలుగు అంచులూ సరిచేసింది.

మర్నాడు తెల్లవారగానే ముంగిట్లో నీళ్ళు చల్లిన చప్పుడు విని మెమునాకు మెలకువ వచ్చింది. ఆ తరువాత చీపురు, ఎక్కడా ఆగకుండా, గబగబా కదిలింది.